పీక్‌కు రిచ్ వైపా, లీన్ వైపా? మా బొనాంజా ఇంజిన్ మీద వాదన తెగడం లేదు

తూనీగ:
డాలస్ దగ్గర ముగ్గురం కలిసి కొనుక్కున్న చిన్న విమానం బొనాంజా మాది. ఇంజిన్ కాంటినెంటల్ ఐఓ-550, 300 హార్స్‌పవర్. గాలిలో ఇంధనం పాలు మార్చే మిక్స్చర్ నాబ్ వెనక్కి లాగి ఇంధనం తగ్గిస్తూ పోతే ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత (ఈజీటీ) పెరిగి, ఒకచోట ఆగి (అదే పీక్), మళ్లీ తగ్గుతుంది కదా. ఇంధనం ఎక్కువున్న వైపు రిచ్, తక్కువున్న వైపు లీన్. క్రూయిజ్‌లో (ఒకే ఎత్తులో నిలకడగా ఎగిరేటప్పుడు) నేను ఆ పీక్ దాటి లీన్ వైపు 30 డిగ్రీల ఫారన్‌హీట్ దిగువన ఉంచుతాను. 65 శాతం పవర్‌కు గంటకు 13 గ్యాలన్లు సరిపోతోంది. రిచ్ వైపు 100 డిగ్రీల దగ్గర నడిపినప్పుడు అదే పవర్‌కు 15 దాటేది. భాగస్వామి మాత్రం "వాల్వులు కాలిపోతాయి, మానండి" అంటున్నారు. ఎవరిది సరైన మాట? కారణంతో సహా చెప్పండి.

రెక్కలబడి:
పదహారేళ్లుగా సెస్నా 172 మీద విద్యార్థులకు నేర్పుతున్నాను. నేను మీ భాగస్వామి పక్షం. 172ఎస్ హ్యాండ్‌బుక్ సిఫారసు పీక్‌కు 50 డిగ్రీల రిచ్. పొదుపు కావాలంటే పీక్ వరకు. అక్కడితో ఆగమంటుంది. మీ ఇంజిన్ వేరే కావచ్చు, కానీ నాబ్ తిప్పేది మనిషి చెయ్యే. ఎక్కువ పవర్‌లో ఉండగా చెయ్యి సగంలో ఆగిపోతే డిటొనేషన్ (మిశ్రమం ఒక్కసారిగా పేలినట్టు మండడం) దాకా పోవచ్చు. రెండు గ్యాలన్ల కోసం సిలిండర్‌ను పణంగా పెట్టమని నేను ఏ విద్యార్థికీ చెప్పలేను.

తూనీగ:
గురువుగారూ, సిలిండర్ హెడ్‌లు అన్నిటికన్నా వేడెక్కేది పీక్‌కు 25 నుంచి 50 డిగ్రీల రిచ్ దగ్గరే. లోపలి పీడనం ఎక్కువయ్యేదీ అక్కడే. లీన్ వైపు రెండూ తగ్గుతాయి. మరి కాల్చేది ఏ వైపు? 1944లో న్యూగినీలో ప్రఖ్యాత వైమానికుడు లిండ్‌బర్గ్ పీ-38 యుద్ధవిమానాల పైలట్లకు ఇంధనం పొదుపు నేర్పినప్పుడూ ఇంజిన్లు పాడవుతాయనే భయపడ్డారు. పాడవలేదు.

బోరోస్కోప్:
లిండ్‌బర్గ్ ఉదాహరణ ఇక్కడ పొసగదండీ. ఆయన చెప్పినది ఆర్‌పీఎం 1600కు దించి, మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి పీడనం) పెంచి, మిశ్రమాన్ని తనంతట తానే లీన్‌గా ఉంచే ఆటో-లీన్‌లో పెట్టమని. అది పీక్ దాటించే పాఠం కాదు. మీ వాదనకు కావలసిన సాక్ష్యం పాతకాలపు ప్రయాణికుల విమానాలు సూపర్ కాన్‌స్టెలేషన్లు, డీసీ-7లు. వాటి రైట్ ఆర్-3350 ఇంజిన్లలో ఫ్లైట్ ఇంజినీర్ ఇంజిన్ తిప్పే బలాన్ని చూపే టార్క్ మీటర్ చూస్తూ, పవర్ పదో వంతు పడేదాకా లీన్ చేసేవాడు. ఎయిర్ ఇండియా కూడా ఆ కాన్‌స్టెలేషన్లు నడిపింది.

నేను మెయింటెనెన్స్ వాణ్ణి. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా దించి ఎగ్జాస్ట్ వాల్వులు చూడటం నా రోజువారీ పని. బాగున్న వాల్వు ముఖం మీద ఎరుపు, గోధుమ వలయాలు గురిపలకలా మధ్యకు కుదురుగా ఉంటాయి. కాలుతున్న వాల్వుకు ఆ వలయాలు ఒక పక్కకు జరిగి, అంచున ఒకచోట ఆకుపచ్చ ఛాయ కనబడుతుంది. అంటే వాల్వు ఆ పక్కన సీటు మీద సరిగా కూర్చోవడం లేదు, ఆ సందులోంచి మంట పోతోంది. వాల్వు కాడను పట్టి ఉంచే గైడ్ అరిగిపోయినా వాల్వు తిరగడం మానేసినా ఇలా అవుతుంది. నేను చూసిన వాటిలో జీవితమంతా రిచ్‌గా నడిచిన ఇంజిన్లూ ఉన్నాయి. అందుకే నేరమంతా లీన్ మీద మోపితే ఒప్పుకోను.

అయితే తూనీగ గారూ, మీ పోస్టులో నాకు గుచ్చుకున్న మాట ఒకటుంది. ఆ 30 డిగ్రీలు ఏ సిలిండర్ నుంచి కొలిచారు? ఆరు సిలిండర్లూ ఒకేసారి పీక్‌కు రావు. మొదట పీక్‌కు వచ్చిన దాన్ని పట్టుకుని 30 లెక్కపెడితే, చివర వచ్చేది ఇంకా పీక్ మీదే ఉండవచ్చు. లీన్ వైపు లెక్క ఎప్పుడూ చివరి దాని నుంచే మొదలుపెట్టాలి. పైగా ఈజీటీ అంకెను ఒక సిలిండర్‌కూ ఇంకోదానికీ పోల్చకూడదు. ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ అంగుళం పక్కకు జరిగితే అంకె మారిపోతుంది. ఆ సిలిండర్ తన పీక్‌కు ఎంత దూరంలో ఉందన్నదే లెక్క. సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత (సీహెచ్‌టీ) మాత్రం అసలు అంకెతోనే చూడండి. కాంటినెంటల్ గరిష్ఠ పరిమితి 460. 400 దాటితే నేను ఊరుకోను.

ఒక పని చేయండి. 65 శాతంలో నిలకడగా ఎగురుతూ మిక్స్చర్‌ను చాలా నెమ్మదిగా లాగండి. ఏ సిలిండర్ ఎంత ఫ్యూయల్ ఫ్లో దగ్గర పీక్ అయిందో పక్కవారిచేత రాయించండి. మొదటిదానికీ చివరిదానికీ తేడా అర గ్యాలన్ లోపు ఉంటే లీన్ వైపు నిశ్చింతగా వెళ్లండి.

రెక్కలబడి:
ఇది ఒప్పుకోదగిన మాట. ఆరింటికీ విడివిడిగా ప్రోబులు, ఇంధనం చిమ్మే సరిపోలిన ఇంజెక్టర్లు ఉన్నచోట నా అభ్యంతరం సగం తగ్గుతుంది. కార్బ్యురేటర్ ఇంజిన్లకు మాత్రం ఈ సలహా మోసుకెళ్లకండి. వాటిలో మిశ్రమం సిలిండర్లకు సమంగా చేరదు. కొన్ని పీక్ దాటేలోపే ఇంజిన్ వణుకుతుంది. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒకే ప్రోబ్ ఉన్న పాత విమానాలు ఇంకా ఉన్నాయి. ఆ పిల్లలు ఇది చదివి ప్రయోగాలు చేస్తారని నా భయం.

తూనీగ:
శనివారం 8,000 అడుగుల మీద చేశాం. భాగస్వామే పక్కన కూర్చుని రాశారు. 3వ సిలిండర్ 13.8 దగ్గర పీక్ అయింది. 5వది 12.9 దగ్గర. తేడా 0.9. అంటే ఇన్నాళ్లూ నేను 13 దగ్గర నడుపుతుంటే 5వది దాదాపు పీక్ మీదే ఉంది. దాని హెడ్ 385, మిగతావి 350 లోపు. అది గాలి సరిగా తగలక వచ్చే వేడి అనుకుని వదిలేశాను. 65 శాతంలో కాబట్టి ప్రమాదం లేకపోయింది కానీ, కింద 75 శాతంలో ఇదే లెక్కతో నడిపిన రోజులు గుర్తొచ్చి మనసు పాడైంది. 5వ సిలిండర్ ఇంధన నాజిల్ మార్చడానికి ఇచ్చాం. మళ్లీ కొలిచేదాకా 100 రిచ్‌లోనే ఎగురుతాను. భాగస్వామికి క్షమాపణ చెప్పాను. బోరోస్కోప్ గారూ, 5వ వాల్వు ఫోటో తీయించి పెడతాను, వలయాలు చూసి చెప్పండి.