బీఎండబ్ల్యూ ఐ3 రేంజ్ ఎక్స్‌టెండర్‌కి కోడింగ్ (కారు సాఫ్ట్‌వేర్‌లో దాగున్న సెట్టింగులు మార్చడం) చేసినవాళ్లు ఉన్నారా?

నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో. కాలిఫోర్నియాలో మా బావగారు 2015 బీఎండబ్ల్యూ ఐ3 రేంజ్ ఎక్స్‌టెండర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. అది కరెంటు కారే, కాకపోతే ఛార్జ్ తగ్గితే కరెంటు పుట్టించడానికి చిన్న పెట్రోల్ ఇంజిన్ కూడా ఉంటుంది. అమెరికా మోడల్ కదా, బ్యాటరీ 6 శాతం దగ్గరికి పడిపోతేగానీ ఆ 647 సీసీ పెట్రోల్ ఇంజిన్ స్టార్ట్ కాదు. ముందు పెద్ద ఘాట్ ఎక్కాల్సి ఉంటే, ఆ కాస్త ఛార్జ్‌తో స్పీడ్ పడిపోతుందేమోనని ఒకటే టెన్షన్. యూరప్ బండిలోనైతే ఛార్జ్ 75 శాతం కన్నా తగ్గాక ఇంజిన్‌ని మనమే ఆన్ చేసుకోవచ్చు. పైగా అమెరికా బండి 9 లీటర్ల ట్యాంకులో 7.2 లీటర్లే వాడనిస్తుంది, ఇదేం పిసినారితనమో!

బీఎండబ్ల్యూ కార్ల కోడింగ్‌కి వాడే బిమ్మర్‌కోడ్ అనే ఫోన్ యాప్‌తో ఈ రెండూ మార్చొచ్చట. బావగారికి ఇవేవీ తెలియవు, వీడియో కాల్‌లో నేనే చెప్పి చేయించాలి. కోడింగ్ చేస్తున్నంతసేపూ 12 వోల్టుల బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచాలా? తర్వాత సర్వీస్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మన సెట్టింగులు ఎగిరిపోతాయా? ట్యాంకు సెట్టింగు మార్చాక పెట్రోల్ మీటరు సరిగ్గానే చూపిస్తోందా?