పాత ఫోన్లు ఇచ్చి ప్లాస్టిక్ టబ్బు తీస్కునుడు బంద్ చెయ్యాలె, ఏమంటరు?

బొగ్గుబాయి_పోరడు:
మొన్న నేను ఫస్ట్ షిఫ్టుకు పోయినప్పుడు మా అమ్మ మూడు పాత ఫోన్లిచ్చి ఒక నీలం టబ్బు, రెండు మగ్గులు తీస్కున్నది. బండికి మైకు కట్టుకొని "పాత సెల్‌ఫోన్లు, ఖరాబైన సెల్‌ఫోన్లు తీస్కుంటం" అని రికార్డింగ్ పెట్టుకుంట వస్తరు చూడుండ్రి, వాళ్లకు. అండ్ల ఒకటి నాది, డిస్‌ప్లే పోయింది గని బోర్డు మంచిగనే ఉండె, ఫొటోలు బ్యాంకు యాపు అన్నీ అట్లనే ఉన్నయి, రీసెట్ కొట్టలే. ఇదేందమ్మా అంటే "మూడేండ్ల సంది టీవీ కింద సొరుగుల పడున్నయి గదరా, నువ్వేం జేసినవ్ వాటిని" అన్నది, నాకు నోరు లేవలే.

గని యాదికున్నదా, 2024 ఆగస్టుల మా గోదావరిఖనిలనే రామగుండం సైబర్ క్రైమ్ పోలీసులు బీహార్ నుంచొచ్చిన ముగ్గురిని పట్టుకున్నరు. సంచులల్ల నాలుగు వేల దాకా పాత ఫోన్లు, అన్నీ గిట్లనే ప్లాస్టిక్ సామాన్లకు మార్చుకున్నయే. సైబర్ మోసగాళ్ల చేతికి పోతున్నయని పోలీసులే చెప్పిన్రు. అందుకే నేననేది, ఈ బండ్లను అసలు వాడలకే రానియ్యద్దు.

బోర్డు_డాక్టర్:
అన్నా నేను హైద్రాబాద్ జగదీశ్ మార్కెట్ల పదకొండేండ్ల సంది రిపేర్లు చేస్తున్న. ముగ్గురు దొరికిన్రని బండోళ్లందరూ దొంగలే అంటే నేనొప్పుకోను. నీ ఫోన్ల కెమెరా పోతే తక్కువల ఒరిజినల్ ఎక్కడ్నుంచి తెచ్చి ఏస్తమనుకున్నవ్? చచ్చిన ఫోన్లకెల్లే తీస్తం. హాట్ ఎయిర్ గన్‌తోని ఐసీ చిప్పు లేపి ఇంకో బోర్డుకు ఎక్కిస్తం, ఒక్క ఫోన్ చస్తే మూడు ఫోన్లు బతుకుతయ్. మిగిలిన బోర్డులు కిలోల లెక్కన ఢిల్లీకి పోతయ్. నీ డేటా సంగతంటవా, ఇంకో ఫోన్ల నీ గూగుల్ అకౌంట్ తెరిచి ఆ ఫోన్‌కు ఎరేజ్ కొట్టు, అది ఎప్పుడు నెట్‌కు తగిలితే అప్పుడు తుడుచుకపోతది. బ్యాంకు యాపుల ఆ డివైస్ తీసెయ్యి, ఇయ్యాలనే.

పాత_ఫైలు:
"ఢిల్లీకి పోతయ్" అని అక్కడితో ఆపేశారేంటండీ, సీలంపూర్‌లో వాటినేం చేస్తారో కూడా చెప్పండి. బోర్డుల్ని పొయ్యి మీద కాల్చి సోల్డర్ కరిగించి, యాసిడ్‌లో ముంచి రాగీ బంగారం తీస్తారు, ఆ సీసం పొగ పీల్చేది గ్లవ్స్ కూడా లేని కూలీలు, మిగిలిన యాసిడ్ పోయేది కాలవలోకి. మీ మూడు ఫోన్లు బతికాయి, సంతోషం.

ఇదే పని పద్ధతిగా చెయ్యలేరా అంటే చేసి చూపించారు కదా, టోక్యో ఒలింపిక్స్ మెడల్స్ కోసం 2017 నుంచి 2019 దాకా జపాన్ జనం 62 లక్షల పాత ఫోన్లు ఇచ్చారు, అవీ ఇంకా చిన్న చిన్న సామాన్లూ కలిపి 32 కిలోల బంగారం తీశారు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ చర్లపల్లిలో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో కూడా ఈ-వేస్ట్, అంటే పాత ఎలక్ట్రానిక్ చెత్త నుంచి లోహాలు తీసే పని జరుగుతోంది. ఇంట్లోంచి అక్కడిదాకా ఎవడు మోసుకెళ్లాలి అన్నదే గొడవ.

విశాఖ_అలలు:
నేను మోసుకెళ్లానండి, చెప్తా వినండి. మా ఇంట్లో నాలుగు ఫోన్లు, పనిచెయ్యని పవర్ బ్యాంకు, ఒక సంచీడు ఛార్జర్లు. రీసైక్లింగ్ వాళ్లకి పికప్‌కి ఫోన్ చేస్తే అంత తక్కువ సరుక్కి రామన్నారు. పోనీ అని ఒక షోరూమ్‌లో ఈ-వేస్ట్ డబ్బా ఉందంటే ఎండలో ఆటో కట్టించుకుని వెళ్లా, డబ్బాకి తాళం, తాళంచెవి ఉన్నాయన సెలవు, పైన కన్నంలోంచి చూస్తే లోపల టీ కప్పులూ బిస్కెట్ కవర్లూ. ఆటోకి పోనూ రానూ 160 రూపాయలు. అదే ఆ బండబ్బాయి గుమ్మం ముందుకొచ్చి మగ్గిచ్చి తీసుకెళ్తున్నాడు, బొగ్గుబాయి గారి అమ్మ చేసింది తప్పెలా అవుతుంది?

పాత_ఫైలు:
అదేనండీ నా మంట కూడా. కేంద్రం 2016లో పెట్టిన ఈ-వేస్ట్ రూల్స్‌లో కలెక్షన్ సెంటర్ అనే మాటైనా ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన కొత్త రూల్స్‌లో రిజిస్ట్రేషన్ తయారీదారుకీ, తన బ్రాండుతో అమ్మే ప్రొడ్యూసర్‌కీ, పాతవి బాగుచేసే రీఫర్బిషర్‌కీ, రీసైక్లర్‌కీ మాత్రమే. ఇంత సరుకు రీసైకిల్ అయిందని కంపెనీ రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్ కొనుక్కుంటే దాని బాధ్యత తీరిపోయినట్టే, మీ గుమ్మం దాకా ఎవరూ రానక్కర్లేదు. ఆ రీసైక్లర్‌కైనా స్మార్ట్‌ఫోన్లకి కిలోకి కనీసం 34 రూపాయలు కట్టండని ప్రభుత్వం పెడితే, ఆ కనీస రేట్ల మీద కొన్ని కంపెనీలు కోర్టుకెళ్లాయి. లక్ష రూపాయల ఫోన్ అమ్మేవాళ్లు!

మ్యూనిక్_మామ:
ఇక్కడ జర్మనీలో 2022 జూలై నుంచి 800 చదరపు మీటర్లు దాటిన సూపర్‌మార్కెట్లో ఎలక్ట్రిక్ సామాన్లు అమ్ముతుంటే, పాత ఫోన్ లాంటి చిన్నవి ఊరికే తీసుకోవాలి, మనం ఏమీ కొననక్కర్లేదు. పాలకి వెళ్తూ ఇచ్చేసి రావచ్చు. కానీ నిజం చెప్పాలంటే నేనెప్పుడూ ఇవ్వలేదు, వచ్చిన ప్రతిసారీ నా పాత ఫోన్ తెచ్చి తెనాలిలో నాన్నకిస్తా, ఆయన పాతది బీరువాలోకి వెళ్తుంది. ఇప్పటికి ఐదయ్యాయి అక్కడ.

విశాఖ_అలలు:
జర్మనీ చెత్త తెనాలి బీరువాలోనా మామగారూ, బాగుంది 😄

బొగ్గుబాయి_పోరడు:
డాక్టరన్న చెప్పినట్టు ఎరేజ్ కొట్టిన, "పెండింగ్" అని చూపిస్తుంది, అంటే అది ఇంకా నెట్‌కు తగల్లేదన్నట్టు. సరే, బండ్లను రానియ్యద్దన్న మాట వాపస్ తీస్కుంటున్న, గని తుడవకుండ ఇయ్యద్దనేది మాత్రం ఇడువను. ఇంకో ముచ్చట, సొరుగుల నాలుగోది కూడా ఉండెనట. దాని బ్యాటరీ ఉబ్బి వెనక మూత పూరీ లెక్క లేసింది, బండోడు చేతులకు తీస్కొని చూసి "ఇది వద్దమ్మా" అని వాపస్ ఇచ్చిండట. దాన్నేం జెయ్యాలె?

బోర్డు_డాక్టర్:
అది చార్జింగ్ పెట్టకు, మూత గట్టిగ నొక్కకు, సూదితోని పొడిచే పని అసలే వద్దు, గ్యాస్ పోతదని పొడిస్తే అంటుకుంటది. ఇనుప డబ్బాల ఎండు ఇసుక పోసి అండ్ల పెట్టి ఇంటి బయట ఉంచు. ఇటు వచ్చినప్పుడు పట్కరా, చూద్దాం.

బొగ్గుబాయి_పోరడు:
ఉబ్బిన బ్యాటరీ ఒళ్లె పెట్టుకొని బస్సుల హైద్రాబాద్ దాకా ఎట్ల రావాలె అన్నా? ఇప్పటికైతే ఇసుకల పెట్టి మెట్ల కింద ఉంచిన. అది సకినాల డబ్బా, సంక్రాంతి లోపల ఖాళీ జేసియ్యమంటుంది అమ్మ.