అప్‌డేట్: సింగ్ నగర్ మేడ మీద సోలార్ రిపీటర్ తెల్లారేదాకా నిలబడుతోంది

నెట్‌వర్క్ లేకపోయినా మెసేజ్‌లు పోయేలా మెష్‌టాస్టిక్ (చిన్న రేడియోలు ఒకదాన్నుంచి ఇంకోదానికి మెసేజ్‌లు అందించే సిస్టమ్) రిపీటర్ కట్టుకున్నాను, రాత్రికే బ్యాటరీ అయిపోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే రిపీటర్‌ని నడిపే ఈఎస్‌పీ32 బోర్డు తీసేసి ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్ ఉన్నది పెట్టాను. కరెంటు చాలా తక్కువ తాగుతోంది. అదే ప్యానెల్‌తో, ముసురు పట్టిన రోజుల్లో కూడా ఆగలేదు.

ఇంకో టెన్షన్ బెజవాడ ఎండ. వేడికి మామూలు లిథియం అయాన్ కన్నా బాగా తట్టుకుంటుందని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ వేశాను. డబ్బాను ప్యానెల్ నీడలోనే, కాస్త గాలి ఆడేలా బిగించాను. కేబుల్ లోపలికెళ్లే చోట కిందికి వంపు ఇచ్చాను, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతున్నాయి. రేడియో సెట్టింగ్స్‌లో రీజియన్ ఇండియాకే పెట్టాను, మనకి లైసెన్స్ అక్కర్లేనిది 865 మెగాహెర్ట్జ్ దగ్గరి బ్యాండే.

యాంటెనా వాటర్ ట్యాంక్ పైకి ఎక్కించాక మొగల్రాజపురం కొండవాలులో ఉండే బావకి మెసేజ్ అందింది! 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్న మాకు ఇలాంటిదే కావాల్సింది. పాయకాపురం, అజిత్ సింగ్ నగర్ వైపు ఎత్తైన మేడ ఉన్నవాళ్లు ఇంకో నోడ్ (ఇలాంటి రేడియో డబ్బా) పెడతానంటే వచ్చి బిగించి ఇస్తాను.