పర్లాకిమిడి నుంచి బరంపురానికి: రైలు లేఅవుట్‌ని కోసి తీసుకెళ్లాలా, విప్పేసి మళ్లీ కట్టాలా?

పర్లాకిమిడి మాస్టారు
మా అబ్బాయి బరంపురంలో ఫ్లాట్ కొన్నాడు, మమ్మల్నీ వచ్చేయమంటున్నాడు. సామాను సంగతి ఎలాగో అవుతుంది. బెంగంతా మేడ మీద గదిలో ఉన్న బొమ్మ రైలు లేఅవుట్ గురించే, అంటే పట్టాలూ ఊళ్లూ కొండలతో కట్టిన నమూనా. నౌపడ నుంచి గుణుపురం దాకా మన పాత చిన్న లైను, 1:87 స్కేలులో, అంటే అసలు దానికి 87వ వంతు సైజులో, పద్నాలుగేళ్లు కట్టాను. 16 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, మొత్తం ఒకే చట్రం. అక్కడ నాకిచ్చిన గది 11 అడుగులకి 10. కోసి పట్టుకెళ్లమని కొందరు, ఇంజన్లూ పెట్టెలూ తీసుకుని మిగతాది వదిలేయమని కొందరు. నాకు 67 ఏళ్లు. ఏం చెయ్యమంటారు?

రాయగడ రైలు
విప్పేయండి మాస్టారూ. విడదీయాలని కట్టని చట్రాన్ని కోస్తే అది మళ్లీ అతకదు. నేను కోరాపుట్ నుంచి బదిలీ అయినప్పుడు కోయించాను. అతుకు దగ్గర పట్టా ఒక మిల్లీమీటరు పక్కకి జరిగింది. రెండు పట్టాల మధ్య దూరం, అదే గేజి, 9 మిల్లీమీటర్లే అయినప్పుడు మిల్లీమీటరంటే మాటలా? ప్రతి రైలూ అక్కడే పడిపోయేది. ప్లాస్టర్ కొండలు లారీ కుదుపులకే బీటలిచ్చాయి. పట్టాలూ, రైలు దారి మార్చే పాయింట్లూ పారేయక్కర్లేదు. కంకర ఫెవికాల్ నీళ్లతో అంటించి ఉంటారు కదా, వేడినీళ్లు చల్లి కాసేపు నాననిస్తే ఊడి వస్తాయి. అంతకు ముందే ఫొటోలు తీసుకోండి. కాలిఫోర్నియాలో, బొమ్మ రైళ్ల లేఅవుట్లకి పేరుపడ్డ జాన్ అలెన్ కట్టిన లేఅవుట్ ఆయన పోయిన కొద్దిరోజులకే, 1973లో, నిప్పంటుకుని పోయింది. ఫొటోలు చూసి ఈనాటికీ జనం నేర్చుకుంటున్నారు.

బరంపురం నారోగేజి
రాయగడ అన్నయ్య మాట కాదంటున్నందుకు ఏమనుకోవద్దు. మాస్టారూ, కోయండి. దయచేసి విప్పొద్దు.

ఆ చిన్న లైను ఇప్పుడు లేదు. గజపతి రాజావారు వేయించిన లైను, 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వచ్చింది, 1931కి గుణుపురం చేరింది. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజికి మార్చారు. 762 మిల్లీమీటర్ల ఆ గేజిని 87తో భాగిస్తే 8.76 వస్తుంది, మీరు వేసిన 9 దాదాపు అదే. మా నాన్న చెయ్యి పట్టుకుని ఎక్కిన బండి అది. పద్నాలుగేళ్లు పట్టిన పనిని 67లో మళ్లీ మొదలుపెట్టమనడం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

అన్నయ్యకి పట్టా జరిగిందంటే కోశాక బిగించే పని చేసి ఉంటారు. కోయకముందే బిగించాలి. గీతకి అటొకటి ఇటొకటి, మధ్యలో రంపం పట్టేంత సందుతో అడ్డకర్రలు వేసి, రెంటినీ కలిపి బోల్టు రంధ్రాలు వేసుకోండి. పైన, గీతకి రెండు వైపులా స్లీపరు (పట్టాల కింది అడ్డబద్ద) తీసేసి రాగి పూత ఉన్న పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ముక్క స్క్రూలతో బిగించి, పట్టాల్ని దానికి టంకం పెట్టండి. ముక్క మధ్యలో రాగిని గీసి తెంచడం మరవొద్దు, లేకపోతే షార్ట్ అవుతుంది. పట్టాల్ని సన్నని డిస్కుతో, చెక్కని రంపంతో కోయండి. రంపం తిన్న మందానికి సరిపడా అట్ట ముక్క సందులో పెట్టి బోల్టు బిగిస్తే పట్టా ఎక్కడిదక్కడే ఉంటుంది. పాయింటు మీద, వంపు మీద మాత్రం కోత పెట్టొద్దు. వైర్లకి రెండు చివర్లా ఒకే నంబరు చీటీ కట్టండి.

జయపురం వడ్రంగి
నాకు రైళ్లు తెలీవు, చెక్క పని తెలుసు. మెషీన్‌తో వద్దు, అదురుకి కొండలు రాలతాయి. సన్నపళ్ల చేతి రంపంతో నిదానంగా కోయించండి. వానల్లో అస్సలు వద్దు. కోసిన ప్లైవుడ్ అంచుకి వెంటనే వార్నిష్ కొట్టకపోతే తేమ పీల్చి ఉబ్బుతుంది.

రాయగడ రైలు
తమ్ముడూ, నేను కోయించాకే బిగించాను, నిజమే. కానీ 16 అడుగులు ఆ గదిలో ఎలా పడతాయి? మూలలో 3 అడుగుల కొత్త ముక్క వేసి మలిపితే ఒక గోడకి 8, రెండో గోడకి 7. అంటే 15. ఒక అడుగు పోవాలి. ఏ అడుగు? అది మాస్టారే చెప్పాలి.

పర్లాకిమిడి మాస్టారు
రాత్రంతా టేపు పట్టుకుని కూర్చున్నాను. మహేంద్రతనయ వంతెన తీయలేను. సైకిలు చువ్వలతో ఆరు నెలలు చేశాను దాన్ని. కాశీనగర్ దాటాక ఒక అడుగు పొలం ఉంది, పట్టా అక్కడ తిన్నగా పోతుంది, పాయింటు లేదు. ఆ అడుగు తీసేస్తాను. ప్లాస్టర్ కొండ ఒక్కటీ రాయగడ ఆయన చెప్పినట్టు ఇక్కడే వదిలేసి అక్కడ తేలిగ్గా చేసుకుంటాను. వానలు తగ్గేదాకా ఆగమని అబ్బాయికి చెప్పాను. బరంపురం బాబూ, టంకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణుకుతోంది. ఒక ఆదివారం రాగలవా?