రాత్రి డ్యూటీలో సహోద్యోగిని అడిగిన ప్రశ్నకు నా విశ్వాసాన్ని ఎలా చెప్పాలి?

ప్రశ్న: కృష్ణలంక సోదరి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నేను విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఈ సంవత్సరం ప్రతి విశ్వాసి కనీసం ఒక్కరికైనా వ్యక్తిగతంగా సువార్త చెప్పాలని మా సంఘంలో తీర్మానించి, ఆదివారం ఆరాధన తరువాత అందరికీ కరపత్రాల కట్టలు ఇచ్చారు. ఆ కట్టను సంచిలో పెట్టుకొని డ్యూటీకి వెళ్తున్నాను కాని, ఎవరికి ఇవ్వాలో, ఏమని చెప్పి ఇవ్వాలో తోచడం లేదు.

నాతో చాలా కాలంగా పనిచేస్తున్న ఒక అక్క ఉన్నారు. ఆమె కనకదుర్గమ్మ భక్తురాలు. దసరా రోజుల్లో కొండకు వెళ్లి వచ్చి వార్డులో అందరికీ ప్రసాదం పంచుతారు. నేను తీసుకోనని తెలిసి, నా కోసం ఇంట్లో విడిగా కలిపిన పులిహోర డబ్బాలో తెచ్చిపెడతారు. ఇటీవల రాత్రి డ్యూటీలో చిన్న వయసు పేషెంటు ఒకరు చనిపోయారు. లైన్లు తీసి, శరీరాన్ని శుభ్రం చేసి, బంధువులకు అప్పగించిన తరువాత ఆమె చేతులు కడుక్కుంటూ, "ఇవన్నీ ఎలా తట్టుకుంటావమ్మా? లోపల ఏదో అనుకుంటూ ఉంటావు, అదేమిటి?" అని అడిగారు. "ప్రార్థన చేసుకుంటాను అక్కా" అన్నాను. అంతలో మరో బెడ్ దగ్గర అలారం మోగడంతో మాట అక్కడితో ఆగిపోయింది.

ఆ సంభాషణను మళ్లీ ఎలా మొదలుపెట్టాలి? కరపత్రం ఇవ్వవచ్చా? ప్రార్థన చేయమని అడిగే పేషెంట్ల బంధువుల విషయంలో ఎంతవరకు వెళ్లవచ్చు? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

జవాబు: ఒంగోలు సంఘకాపరి

అమ్మా, వందనాలు. బైబిల్‌లో పేతురు రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో ఆయన, మనలో ఉన్న నిరీక్షణకు కారణం ఏమిటని అడిగేవారికి "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు. మీ విషయంలో ఆ అడగడం జరిగిపోయింది. ఇక కరపత్రంతో మొదలుపెట్టవలసిన అవసరం ఏముంది? ముఖం తెలియని మనిషికి కాగితం ఉపయోగపడవచ్చు గాని, మీ కోసం విడిగా పులిహోర కలిపి తెచ్చే మనిషికి మీ నోటి మాటే చెందాలి.

మన ప్రాంతంలో సువార్త వ్యాపించిన తీరు కూడా ఇదే. ఒంగోలు అనగానే అందరూ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు చెబుతారు. ఆయన 1866లో ఒంగోలుకు వచ్చాడు. ఆయనకు మాదిగ పల్లెల తలుపులు తెరిచినవాడు మాత్రం తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య. పేరయ్య వ్యాపారం మీద తిరిగిన దారుల్లోనే సువార్త విని, బాప్తిస్మం పొంది, తాను విన్నదాన్ని బంధువులకు, బేరం చేసే ఊళ్ల వారికి చెప్పుకుంటూ వెళ్లాడు. క్లౌ వెళ్లేసరికే అక్కడ నమ్మినవారు ఎదురుచూస్తూ ఉన్నారు. పేరయ్యకు సభలు లేవు, వేదికలు లేవు. తనను ముందునుంచీ ఎరిగినవారితో మాట్లాడడమే ఆయన చేసిన పరిచర్య.

పేషెంట్ల బంధువుల గురించి అడిగారు. దీనికి కూడా ఆ చరిత్రలోనే నాకు సమాధానం కనబడుతుంది. 1876–78 నాటి పెద్ద కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. పని చేస్తూ సువార్త విన్నవారిలో అనేకులు బాప్తిస్మం ఇమ్మని అడిగినా, అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని సహాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. సహాయం ముగిసిన తరువాతే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఐసీయూ బయట కూర్చున్న మనిషి కూడా ఆ కరువులో ఉన్న మనిషి లాంటివాడే. మీరు ఏమి చెప్పినా కాదనే స్థితిలో ఉండడు. కనుక వారు అడిగితే వారితో కలిసి చిన్న ప్రార్థన చేయండి, అడగకపోతే మీ మనస్సులో చేసుకోండి; డ్యూటీలో ఉన్నప్పుడు అంతకుమించి ఒక్క అడుగు కూడా వేయవద్దని నా గట్టి అభిప్రాయం.

జవాబు: గవర్నర్‌పేట పాఠకుడు

నేను హిందువును. అయినా ఈ ప్రశ్న చదివాక రాయాలనిపించింది. బస్సులో, రైలులో చేతిలో పెట్టే కరపత్రాల కంటే, వాటిలో కొన్నింటిలో మేము పూజించే దేవతలను దయ్యాలని రాయడం మాకు బాధ కలిగిస్తుంది. మీ దేవుడి గొప్పతనం చెప్పడానికి మా అమ్మ దీపం పెట్టే పటాన్ని తక్కువ చేయవలసిన అవసరం లేదు.

మా నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టినప్పుడు పక్కింటి క్రైస్తవ కుటుంబంలోని మామయ్యగారు వారం వారం వచ్చి కూర్చునేవారు. మొదటిసారి, "ప్రార్థన చేయవచ్చా అండీ, మీకు ఇష్టం లేకపోతే ఊరికే కూర్చుంటాను" అని నాన్నగారినే అడిగారు. ఏ రోజూ గుడికి పోవద్దనలేదు, చర్చికి రమ్మనలేదు. కొంతకాలానికి నాన్నగారే, "మీ యేసు కుష్ఠురోగిని చేత్తో ముట్టుకున్నాడట, నిజమేనా?" అని కథ అడిగి చెప్పించుకున్నారు. నాన్నగారు చివరివరకు వేంకటేశ్వరస్వామినే కొలిచారు. ఆ సంగతి తెలిసీ మామయ్యగారు చివరి వారం వరకు రావడం మానలేదు. మీ సహోద్యోగిని "వద్దు" అంటే మీ స్నేహంలో ఏమీ మారదని ఆమెకు ముందే తెలియడం అన్నిటికంటే ముఖ్యమని నాకు అనిపిస్తుంది.

జవాబు: ఒక న్యాయవాది

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి స్వేచ్ఛ ఇచ్చింది. అయితే ప్రచారం చేసే హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టెయిన్‌స్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిరుమల వంటి ప్రకటిత పుణ్యక్షేత్రాలలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చట్టం వచ్చింది. ఇద్దరు స్నేహితురాళ్లు తమ నమ్మకాల గురించి మాట్లాడుకోవడానికి ఇవేవీ అడ్డు రావు. ఆసుపత్రి లోపల మాత్రం యాజమాన్యం నియమాలను పాటించండి. కాపరిగారు చెప్పిన హద్దు ఉద్యోగరీత్యా కూడా సరైనదే.

జవాబు: ఖమ్మం అక్క

చెల్లీ, నేను హిందూ కుటుంబంలో పుట్టి, తోటి ఉపాధ్యాయురాలి ద్వారా ప్రభువును తెలుసుకున్నదాన్ని కనుక, వినేవారి వైపునుంచి నాలుగు మాటలు చెబుతాను.

మా పక్కనే ఉన్న దోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన అజరయ్యగారు, కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, సువార్తను ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారు. ఆ పలికినవారిలో ఎక్కువమంది అక్షరం రాని కూలీలు. వారి బ్రతుకుల్లో వచ్చిన మార్పును కళ్లారా చూసి, వారిని ఊరి బయట ఉంచిన కులాలవారే తరువాత ఆ సంఘాల వైపు వచ్చారు. బాధ్యతను అంత బరువుగా తీసుకున్నవారు కూడా ముందు బ్రతికి చూపించారన్నది మనం మరువకూడదు.

మీరు మళ్లీ మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. ఇద్దరికీ డ్యూటీ లేని రోజున, టీ తాగుతూ, "అక్కా, ఆ రోజు మీరు అడిగినదానికి నేను సగమే చెప్పాను, మిగతాది వింటారా?" అని అడగండి. వింటానంటే, ఆ రాత్రి మీరు లోపల చేసిన ప్రార్థన ఏమిటో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. శవాన్ని శుభ్రం చేసి వచ్చిన ఇద్దరు నర్సులకు ఆ సంగతి ఉన్న యోహాను సువార్త 11వ అధ్యాయం కంటే దగ్గరైనది నాకు తోచడం లేదు. ఆ తరువాత మీరు ఆగి, అలాంటి రాత్రుల్లో అమ్మవారిని ఏమని వేడుకుంటారో ఆమెను అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి. నా స్నేహితురాలు నన్ను అలా అడగబట్టే నేను ఆమె మాట విన్నాను.

ఆమెకు ఇంకా ఆసక్తి ఉంటే కరపత్రానికి బదులు యోహాను సువార్త విడి పుస్తకం ఇవ్వండి. బైబిల్ సొసైటీ దుకాణాలలో తక్కువ ధరకే దొరుకుతుంది. మన బైబిల్ భాష కొత్తవారికి పాతగా అనిపిస్తుంది కనుక ఇచ్చి ఊరుకోకుండా, వీలున్నప్పుడు ఒక్కొక్క అధ్యాయం కలిసి చదవండి. సంఘంలో ఎవరైనా "ఆత్మ వచ్చిందా?", అంటే మీ ద్వారా ఎవరైనా ప్రభువును నమ్మారా అని అడిగితే, ఆమె పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి.