ఐరోపాలో కథానిక పరిశోధన: హైదరాబాదు నుంచి చేయి కలపడం ఎలా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, తార్నాక)

అందరికీ నమస్కారం. తులనాత్మక సాహిత్యంలో పిహెచ్‌.డి. చేస్తున్నాను. నవలకు నాయకుడు ఉంటాడు గానీ కథానికకు ఉండడనీ, సమాజం అంచున అణగిపడి ఉన్న జనసమూహాల ఒంటరితనమే దాని ప్రాణమనీ ఐరిష్ రచయిత ఫ్రాంక్ ఓకానర్ ‘ది లోన్లీ వాయిస్’లో చేసిన ప్రతిపాదనను 1930ల నుంచి 1960ల దాకా వచ్చిన తెలుగు కథలకు అన్వయిస్తూ ఒక అధ్యాయం రాశాను. ఐరోపాలో కథానిక మీదే పనిచేసే ఆచార్యులతో కలిసి కనీసం ఒక పత్రమైనా రాయాలని ఉంది. మా శాఖలో అందరూ నవల మీద పనిచేసినవారే కావడంతో ఎవరికి రాయాలో, ఏం పంపాలో చెప్పేవారు దొరకలేదు. తెలుగు రాని వారికి మన కథతో పనేమిటన్న జంకు కూడా ఉంది.

జవాబు 1 (విశ్రాంత ఆంగ్లాచార్యుడు, హబ్సిగూడ)

అమ్మా, మీరు వెతుకుతున్న చోటు ఉంది. ఫ్రాన్స్‌లోని ఆంజే విశ్వవిద్యాలయంలో 1983లో మొదలైన ‘జర్నల్ ఆఫ్ ద షార్ట్ స్టోరీ ఇన్ ఇంగ్లిష్’ కేవలం కథానికకే అంకితమైన పత్రిక. దాని పాత సంచికలు అంతర్జాలంలో ఉచితంగా చదువుకోవచ్చు. ఇంగ్లండులోని ఎడ్జ్ హిల్ విశ్వవిద్యాలయం వారు సిద్ధాంతాన్నీ రచనా సాధననూ ఒకచోట చేర్చి చూస్తారు. 2011లో మొదలైన ‘షార్ట్ ఫిక్షన్ ఇన్ థియరీ అండ్ ప్రాక్టీస్’ పత్రికది ఆ దారే. ఈ రెండు చోట్ల వారూ ఇతర దేశాల పరిశోధకులూ కలిసి నడుపుతున్నదే యూరోపియన్ నెట్‌వర్క్ ఫర్ షార్ట్ ఫిక్షన్ రీసెర్చ్. వారి సదస్సుల పిలుపులను గమనిస్తూ ఉండండి.

అయితే ఒక మాట నిష్కర్షగా చెబుతాను, నొచ్చుకోవద్దు. ఓకానర్ సూత్రాన్ని తెలుగు కథకు తొడిగి చూపే అధ్యాయం వారికి కొత్తగా ఏమీ ఇవ్వదు; తమ సిద్ధాంతం మరొక భాషలోనూ చెల్లుతోందని సంతోషించి పక్కన పెట్టేస్తారు. అది ఎక్కడ చెల్లడం లేదో చూపగలిగితే అప్పుడు మీతో కూర్చుంటారు. ఆంజే పత్రిక పేరులోనే ఇంగ్లిష్ ఉంది కనుక, తెలుగు కథను అక్కడికి తీసుకువెళ్లాలంటే పోలికకు ఆంగ్ల కథ ఒకటి తోడుండడం మంచిది.

జవాబు 2 (బెర్లిన్‌లో ఉంటున్న హైదరాబాదీ)

మాస్టారి మాటకు చిన్న చేర్పు. ఐరోపా పరిశోధకులు కలిసి పనిచేయవలసి రావడానికి ఒక కారణం ఈ ప్రక్రియకు అక్కడ ఉమ్మడి పేరు లేకపోవడమే. కనీవినీ ఎరుగని సంఘటన ఒకటి జరగడమే నొవెల్లె (జర్మన్ పొట్టి కథారూపం) అని 1827లో జర్మన్ రచయిత గోథే తన సహచరుడు ఎకర్మన్‌తో అన్నాడు. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శిథిల నగరాల మధ్య రాసిన జర్మన్ యువ రచయితలు ఆ పేరును విడిచి, ‘షార్ట్ స్టోరీ’ అన్న అమెరికన్ మాటకు అనువాదమైన కుర్ట్‌స్‌గెషిష్టె వైపు వెళ్లారు. ఫ్రెంచివారికి నూవెల్ (కథానిక), కోంత్ (కల్పిత గాథ) వేరు. రష్యన్‌లో రస్కాజ్ (చిన్న కథ) కంటే పెద్దది పోవెస్త్. ఈ గొడవ మనకు కొత్తా? కథ, కథానిక, గల్పిక (మరీ పొట్టి రచన) అంటూ మనమూ వాదించుకున్నవాళ్లమే. మొదటి కథ 1902 నాటి అచ్చమాంబ ‘ధనత్రయోదశి’యా, 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’వా అన్న తగవు కూడా, నిజానికి దేన్ని కథానిక అనాలన్న తగవే. మీరు వారి ముందు పెట్టవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

ఇక డబ్బు సంగతి. పిహెచ్‌.డి. పట్టా వచ్చి 8 ఏళ్లు దాటనివారికి ఐరోపా సమాఖ్య ఇచ్చే మారీ క్యూరీ ఫెలోషిప్ ఉంది. దరఖాస్తును ఆతిథ్యమిచ్చే ఆచార్యులతో కలిసి రాయాలి కాబట్టి పరిచయం ఇప్పుడే మొదలుపెట్టండి. మొదటి ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. మొత్తం అధ్యాయం జతచేసి పంపితే ఎవరూ తెరవరు. ఇది అనుభవంతో చెబుతున్నాను.

జవాబు 3 (పాత పత్రికల పాఠకుడు, బాగ్‌లింగంపల్లి)

సిద్ధాంతాలు నాకు తెలియవు గానీ, మీ దగ్గర ఉన్న సరుకు వారి దగ్గర లేదని మాత్రం చెప్పగలను. మన కథ పుస్తకంలో కంటే ముందు పత్రికలో బతికింది; పేజీల లెక్క, పండుగ ప్రత్యేక సంచిక, పోటీ బహుమతి కలిసి దాని కొలతను నిర్ణయించాయి. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ అంతర్జాతీయ పోటీలో రెండో బహుమతి పొందిన సంగతి అందరూ చెబుతారు. ఆ కాలపు పత్రికల్లో దాని చుట్టూ ఏయే కథలు అచ్చయ్యాయో చూసేవారు తక్కువ. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలోనూ, మా పక్కనే ఉన్న సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ వారం రోజులు కూర్చోండి. ఆపైన, కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి ఒకసారి వెళ్లిరండి. వారి సేకరణ అంతర్జాలంలో ఉన్నా, ఆ బీరువాల ముందు నిలబడితే వచ్చే ఆలోచన వేరు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, నొచ్చుకోలేదు, నా అధ్యాయంలో ఓకానర్‌కు లొంగని కథలు నాలుగు ఉన్నాయి, ఇన్నాళ్లూ వాటిని అధోజ్ఞాపికల్లోకి నెట్టాను. వాటిలో రెండు, పత్రికలో మిగిలిన చోటు నింపడానికి వేసినట్లున్న పొట్టి రచనలు. ముందు గల్పిక మీద ఒక పేజీ రాసి ఆంజేకు పంపుతాను. కొడవటిగంటి కుటుంబరావు గారి గల్పికలు మొదట అచ్చయిన సంచికలు పై రెండు గ్రంథాలయాల్లో ఎక్కడ దొరుకుతాయో బాగ్‌లింగంపల్లి వారు చెప్పగలరా?