ప్రావిడెన్సియా, సాంతా కాతలీనా దీవుల మధ్య వంతెన మీద వీల్‌చైర్ వెళ్తుందా?

జనవరి రెండో వారంలో అమ్మను తీసుకుని కొలంబియా వాళ్ళ ప్రావిడెన్సియా దీవికి వెళ్తున్నాం. అక్కణ్ణుంచి పక్కనున్న సాంతా కాతలీనాకి రంగులు వేసిన చెక్క వంతెన ఉంది, ప్రేమికుల వంతెన అంటారు. మనుషులు నడవడానికే, బండ్లు పోవు. పాతది నీళ్ళ మీద తేలుతూ ఉండేది. 2020 నవంబరులో ఐయోటా తుఫానుకి దెబ్బతింటే మళ్ళీ కట్టారు.

సాన్ ఆంద్రెస్ నుంచి బోటు కుదుపులు అమ్మ తట్టుకోలేదని చిన్న విమానానికే టికెట్లు తీసుకున్నాం. చిక్కంతా వంతెన దగ్గరే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. మడత వీల్‌చైర్ వెడల్పు 25 అంగుళాలు. ముందు చక్రాలు 6 అంగుళాలవే, పలకల సందుల్లో ఇరుక్కుంటాయేమోనని భయం.

దొరికిన వీడియోలు చాలావరకు తుఫానుకు ముందువి. కొత్తవాటిలో రెయిలింగూ రంగులే తప్ప గట్టు మీంచి వంతెన ఎక్కే చోటు ఎవరూ చూపించలేదు. మేం దిగబోయే లాడ్జికి స్పానిష్‌లో మెయిల్ పెట్టాను, జవాబు లేదు. మ్యాపులో ఫొటోలు జూమ్ చేసి చూసినా తేలలేదు.

అవతల వార్విక్ కోట దాకా ఎక్కక్కర్లేదు, వంతెన మధ్యలో కాసేపు కూర్చుని నీళ్ళు చూస్తే చాలంటోంది అమ్మ. ఆ ఒక్కటీ ఎలాగైనా తీర్చాలని ఉంది.

మళ్ళీ కట్టాక వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి: ప్రావిడెన్సియా వైపు వంతెన ఎక్కేచోట మెట్లున్నాయా, వీల్‌చైర్ తోసుకెళ్ళేలా వాలుగా ఉందా?